నా ముఖం చూసి సీటిచ్చారు

హనుమకొండలో మేడారం పల్లెవెలుగు ఎక్కగానే నాకు సీటు దొరికింది. అదీ ముగ్గురి సీటు, నా ఒక్కడికే! ఆడవాళ్లకు టికెట్ తీసేశాక బస్సులో మగాళ్లు నిలబడాల్సిందేనని మా బావమరిది ముందే బెదిరించాడు. మా విజయవాడలోనూ ఇప్పుడు అంతే కాబట్టి నేను సిద్ధపడే వచ్చాను. తీరా చూస్తే, నేను కూర్చోగానే పక్కనున్న ఇద్దరూ లేచి వెనక్కి పోయారు. ఓరుగల్లు మర్యాద అనుకుని కాళ్లు చాపాను.

ఆత్మకూరు దాటాక గమనించాను. నిలబడ్డవాళ్లంతా ఒక చేత్తో కమ్మీ, ఇంకో చేత్తో జేబు పట్టుకుని ఉన్నారు.

ములుగు దగ్గర గట్టమ్మ గుడి ముందు డ్రైవర్ సడన్ బ్రేక్ వేశాడు. మేడారం పోయేవాళ్లు ఆ తల్లికి మొక్కందే ముందుకు కదలరు, బ్రేక్ న్యాయమైనదే. నేను మాత్రం చాపిన కాళ్లతో సహా వెళ్లి ముందు సీటు పెద్దమ్మ మూట మీద పడ్డాను.

"నా బంగారం! నా బంగారం ఎత్తుకపోతున్నడు!"

సమ్మక్కకు మొక్కిన బెల్లం అది, మేడారంలో బెల్లాన్నే బంగారమంటారు. అది వెనకవాళ్లకేం తెలుసు? ఒకాయన నా కాలర్ పట్టుకున్నాడు, ఇంకొకాయన ఏకంగా నా కాళ్ల మీద కూర్చున్నాడు. బెల్లం ముద్ద ఒకటి దొర్లుకుంటూ డ్రైవర్ సీటు కిందకు పోయింది. దాన్ని పట్టబోయిన కుర్రాడు కండక్టర్‌ను పడేశాడు. కండక్టర్ పడినచోటి నుంచే విజిల్ ఊదాడు.

లేచాక ఫోన్ నా ముఖం ముందు పెట్టాడు. బస్టాండులో కట్టిన 'జేబుదొంగలున్నారు, జాగ్రత్త' ఫ్లెక్సీ ఫొటో. "గీడు నువ్వు గాదా?"

ఆధార్ చూపించాను. దానితో టెన్షన్ ఇంకా పెరిగింది. ఆ కార్డులో నా బొమ్మ నాకన్నా వాడికే దగ్గరగా ఉంది.

ఈలోగా బెల్లం ఏరుకున్న పెద్దమ్మ నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. "ఇడిసిపెట్టుర్రి. గింత పనిరానోడు జేబులేం కొడ్తడు?"

అంతే, తీర్పు ఖాయమైంది. జంగాలపల్లి క్రాస్ దగ్గర దింపారు. అక్కడి నుంచి పాలంపేటకు ఆటోవాడు మూడొందలన్నాడు. నిజమైన జేబుదొంగ వీడే.

రామప్ప గుడి గురించి మీకు చెప్పేదేముంది! 1213లో రేచర్ల రుద్రుడు కట్టించాడని, గోపురం ఇటుకలు నీళ్లలో తేలతాయని గైడ్ చెబుతున్నాడు. నా చొక్కాకున్న బెల్లానికి చీమలు పట్టాయి. ఆ మదనికల ముందు నేనూ ఒక భంగిమలో మెలికలు తిరుగుతూ నిలబడ్డాను. యునెస్కో గుర్తింపు చూసి వచ్చిన జనం గుడిని వదిలి నన్ను చూశారు.

తిరుగు బస్సులో నన్నెవరూ గుర్తుపట్టలేదు. హనుమకొండ దాకా నిలబడే వచ్చాను.

దిగగానే ఫ్లెక్సీ దగ్గరికి వెళ్లాను. ఉన్నమాట చెప్పాలి, వాడి క్రాఫ్ నాకన్నా బాగుంది. పక్కనున్న టీకొట్టతను నన్నూ ఫొటోనూ రెండుసార్లు చూశాడు.

"తమ్ముడా అన్నా?" అని అడిగి, గ్లాసు నా చేతికి ఇవ్వకముందే పైసలు తీసుకున్నాడు.