జర్మేనియం, మే నెల ఎండ, నా పాత గిటార్ పెడల్స్

ఎండాకాలంలో హైదరాబాద్‌లో నా ఫజ్ ఫేస్ (గిటార్‌కీ యాంప్‌కీ మధ్య పెట్టి సౌండ్‌ని గరుకుగా మార్చే పెడల్) వాయించాలంటే పొద్దున్నే వాయించాలి, లేదా ఏసీ గదిలో కాసేపు ఉంచి చల్లబడ్డాక వాయించాలి. మధ్యాహ్నం పూట ప్లగ్ చేస్తే నోట్ మొత్తం నొక్కుకుపోయి, చివర్లో నెమ్మదిగా తగ్గాల్సింది పోయి టక్కున తెగిపోతుంది. పెడల్ పాడైపోయిందేమో అని చూసినవాళ్లు అంటారు, కానీ ఏం కాలేదు. అందులో ఉన్న రెండు ట్రాన్సిస్టర్లు జర్మేనియంవి, ఈ జర్మేనియంతో వచ్చే గొడవేంటంటే వేడి ఓ పది డిగ్రీలు పెరిగితే లీకేజ్ కరెంట్ (అక్కర్లేకుండా కారిపోయే కరెంట్) దాదాపు రెట్టింపవుతుంది, దాంతో బయాస్, అంటే ట్రాన్సిస్టర్ పనిచేయాల్సిన వోల్టేజ్ అమరిక, జరిగిపోతుంది, రెండో ట్రాన్సిస్టర్ కలెక్టర్ దగ్గర మీటర్ పెడితే నాలుగున్నర వోల్టుల చుట్టుపక్కల ఉండాల్సింది ఇంకెక్కడో చూపిస్తుంది. 1966లో లండన్‌లో ఆర్బిటర్ కంపెనీ వాళ్లు తెచ్చిన డిజైన్ అది, మైక్ స్టాండ్ అడుగున ఉండే గుండ్రటి బరువు దిమ్మ ఉంటుంది చూడండి, దాన్ని చూసే ఆ గుండ్రటి డబ్బా ఆలోచన వచ్చిందంటారు. అక్కడి చలికి సరిపోయిన సర్క్యూట్ ఇక్కడి 42 డిగ్రీలకి తట్టుకోలేదు.

నాది అసలైన 60ల నాటి పీస్ కాదులెండి, అది కొనే స్తోమత నాకు లేదు, 90లలో మళ్లీ తయారుచేసిన ఎర్రది. అయినా నాకు చాలా ఇష్టం, ఎందుకంటే పాత పెడల్స్ గురించి నేను నమ్మే విషయం మొత్తం ఆ ఒక్క డబ్బాలో కనిపిస్తుంది. రెండు ట్రాన్సిస్టర్లు, నాలుగు రెసిస్టర్లు, మూడు కెపాసిటర్లు, రెండు నాబ్‌లు, లోపల అంతే. అంత చిన్న సర్క్యూట్‌లో దాక్కోవడానికి చోటు లేదు, ఒక్క ట్రాన్సిస్టర్ గెయిన్ (సిగ్నల్‌ని ఎన్ని రెట్లు పెంచుతుందో ఆ లెక్క) అటూ ఇటూ అయినా మీకు వినిపించేస్తుంది. మొదటిదానికి 70, రెండోదానికి 120 దగ్గర్లో గెయిన్ ఉంటే బాగుంటుందని తర్వాతి తరం వాళ్లు కొలిచి చెప్పారు, కానీ 60లలో ఫ్యాక్టరీలో ఎవరూ అలా కూర్చుని జతలు కలపలేదు, ఇంగ్లండ్‌లోని న్యూమార్కెట్ కంపెనీ ఎన్‌కేటీ275 ట్రాన్సిస్టర్లు డబ్బాలో ఎలా వస్తే అలా పెట్టేవాళ్లు. అందుకే ఒక ఫజ్ ఫేస్ అద్భుతంగా పాడుతుంది, దాని పక్కన అదే నెలలో తయారైనది చప్పగా ఉంటుంది. రెండిటి మీదా అదే పేరు, మార్కెట్‌లో రెండిటికీ ఇంచుమించు అదే రేటు.

నేను చెప్పాలనుకున్నది ఇదే: పాత పెడల్ కొంటున్నామంటే మోడల్ కొనట్లేదు, ఆ ఒక్క పీస్ కొంటున్నాం. వినకుండా కొనొద్దు, కొన్నాక వాయించకుండా అద్దాల బీరువాలో పెట్టొద్దు.

అసలు ఈ ఫజ్ అనేదే ఒక రిపేర్ కేసులోంచి పుట్టింది. అమెరికాలోని నాష్‌విల్‌లో గ్రేడీ మార్టిన్ అనే గిటారిస్ట్, మార్టీ రాబిన్స్ అనే గాయకుడి 1961 నాటి పాటకి ఆరు తీగల బేస్ మీద సోలో వాయిస్తుంటే మిక్సింగ్ కన్సోల్‌లో ఆ ఛానల్ ట్రాన్స్‌ఫార్మర్ దెబ్బతిని సౌండ్ గరగరలాడుతూ వచ్చింది, తీసెయ్యకుండా దాన్ని అలాగే ఉంచారు, పాట హిట్టయింది. మిగతా వాళ్లు కూడా మాకూ అదే సౌండ్ కావాలని అడగడం మొదలుపెడితే ఆ రికార్డింగ్ ఇంజనీర్ గ్లెన్ స్నాడీ ఇంకొకరితో కలిసి ట్రాన్సిస్టర్లతో దాన్ని ఒక చిన్న సర్క్యూట్‌గా చేశాడు, గిబ్సన్ కొనుక్కుని 1962లో మేస్ట్రో ఫజ్-టోన్ పేరుతో అమ్మింది. మొదట్లో పెద్దగా ఎవరూ కొనలేదు, 1965లో కీత్ రిచర్డ్స్ రోలింగ్ స్టోన్స్ రికార్డు మీద వాయించాక దొరకడమే కష్టమైపోయింది. ఇది ఎందుకు చెప్తున్నానంటే, మనం ఇన్ని లక్షలు పోసి వెతుక్కునే సౌండ్లన్నీ పర్ఫెక్షన్‌లోంచి రాలేదు, పార్ట్స్‌లో ఉన్న తేడాల్లోంచి, పరిమితుల్లోంచి వచ్చాయి.

ర్యాట్ అనే డిస్టార్షన్ పెడల్ తీసుకోండి, 1978లో మిషిగన్‌లోని కలమజూలో ప్రోకో వాళ్లు మొదలుపెట్టింది. పాతవాటిలో ఎల్‌ఎం308 అనే ఆప్-ఆంప్ (సిగ్నల్‌ని పెంచే చిప్) ఉండేది, అది చాలా స్లో చిప్, సిగ్నల్ వేగంగా మారితే అందుకోలేదు, ఆ అందుకోలేకపోవడమే ర్యాట్‌కి ఆ మందపాటి గరుకుదనం ఇచ్చింది. స్పెక్ షీట్‌లో బలహీనత, చెవికి మాత్రం అదే రుచి.

బిగ్ మఫ్ అనే ఫజ్ పెడల్ అయితే ఇంకా పెద్ద సముద్రం. న్యూయార్క్‌లో మైక్ మాథ్యూస్ 1968లో ఎలక్ట్రో-హార్మోనిక్స్ పెట్టాడు, ఆ తర్వాత కొద్దికాలానికే బిగ్ మఫ్ వచ్చింది, నాలుగు ట్రాన్సిస్టర్లు, మధ్యలో డయోడ్లతో సిగ్నల్ రెండుసార్లు క్లిప్ అవుతుంది (అలల కొసలు కోసుకుపోతాయి), అందుకే నోట్ నిలబడే ఆ సస్టెయిన్ అలా సాగుతూనే ఉంటుంది. నాబ్‌లు త్రికోణంలో ఉన్నవి మొదటి తరం, ఆ తర్వాత వచ్చినవాటిని డబ్బా మీద ఉన్న బొమ్మని బట్టి పొట్టేలు తల మఫ్ అని పిలుస్తారు, 70ల చివర్లో ట్రాన్సిస్టర్లు తీసేసి ఆప్-ఆంప్‌లు పెట్టిన వెర్షన్ కూడా ఉంది. కానీ ఆ కంపెనీలో ఆ రోజు ఏ విలువ కెపాసిటర్ దొరికితే అది పెట్టేసేవాళ్లు కాబట్టి ఒకే వెర్షన్‌లోనే సర్క్యూట్లు తేడాగా ఉంటాయి, బోర్డులు గీసి పెట్టుకున్నవాళ్ల డ్రాయింగ్‌లు చూస్తుంటే మతిపోతుంది. 90లలో రష్యాలో తయారై సోవ్‌టెక్ పేరుతో వచ్చినవి వేరే కథ, ట్యాంక్ లాంటి పచ్చ డబ్బాలు, తర్వాత నల్లవి, బేస్ వాయించేవాళ్లు వాటికోసం ఇప్పటికీ పడి చస్తారు, లో ఎండ్ అంత నిండుగా ఉంటుంది.

నా దగ్గర ఉన్నది నల్ల రష్యన్ మఫ్. న్యూజెర్సీలో ఉండే మా బావ పట్టుకొచ్చాడు. ఫోన్‌లో అడిగితే "ఒరేయ్, ఇది రెండు కిలోల బరువుందిరా, దీని బదులు ఇంకో రెండు జతల బూట్లు పట్టేవి సూట్‌కేస్‌లో" అన్నాడు, అయినా తెచ్చాడు, వచ్చాక మా ఇంట్లో వాయిస్తే ఆయనే చాలాసేపు కదలకుండా కూర్చుని విన్నాడు. మనవాళ్లలో పాత పెడల్స్ కొనేవాళ్లందరికీ ఇలా ఒక బావో అక్కో అమెరికాలో ఉండాల్సిందే అనిపిస్తుంది, కొరియర్‌లో తెప్పిస్తే కస్టమ్స్ డ్యూటీ, షిప్పింగ్ కలిపి పెడల్ రేటుకి దగ్గరగా వెళ్లిపోతుంది.

ఇక అందరూ అడిగే ట్యూబ్ స్క్రీమర్ అనే ఓవర్‌డ్రైవ్ పెడల్ సంగతి. 1979లో వచ్చిన టీఎస్808, పేరు ఐబనెజ్‌దైనా తయారుచేసింది నిషిన్ ఓన్‌పా అనే జపాన్ కంపెనీ, మ్యాక్సన్ అనే బ్రాండ్ వాళ్లదే. డిజైన్ సుసుము తమురా అనే ఇంజనీర్‌ది. 1982లో టీఎస్9 వచ్చింది. ఈ రెండిటికీ మధ్య ఏదో పెద్ద రహస్యం ఉన్నట్టు రేట్లు ఉంటాయి కానీ సర్క్యూట్‌లో ముఖ్యమైన తేడా ఔట్‌పుట్ దగ్గర రెండు రెసిస్టర్లు, 808లో 100 ఓమ్స్, 10కె, టీఎస్9లో 470 ఓమ్స్, 100కె, అంతే. అందరూ జేఆర్‌సీ4558డి చిప్ అని జపం చేస్తారు, ఆ చిప్ ఏమీ అరుదైనది కాదు, కోఠి గుజరాతీ గల్లీలోకి వెళ్లి అసెంబుల్డ్ యాంప్లిఫయర్ల టోన్ బోర్డులు చూడండి, సగం వాటిమీద 4558 ఏదో ఒక రకం కూర్చుని ఉంటుంది. పైగా అసలు 808ల్లోనే కొన్నిటికి టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్ల ఆర్‌సీ4558పి వచ్చింది. మరి పాత 808 బాగుండదా అంటే బాగుంటుంది, చాలా బాగుంటుంది, కానీ ఆ బాగుండటం చిప్ మీద ప్రింట్ చేసిన అక్షరాల్లో లేదు. నా సలహా, బ్లూస్ గిటారిస్ట్ స్టీవీ రే వాన్ సౌండ్ కోసం అయితే మంచి కండిషన్‌లో ఉన్న టీఎస్9 కొనుక్కోండి, మిగిలిన డబ్బుతో యాంప్ చూసుకోండి.

జపాన్‌లో తయారైన పాత బాస్ (Boss అనే కంపెనీ) పెడల్స్ దగ్గరికొస్తే మాత్రం నేను ఎవరి మాటా వినను, మొదలుపెట్టేవాళ్లకి వాటికి మించినవి లేవు. 1976లో సీఈ-1 కోరస్ (ఒక గిటార్‌ని రెండు మూడు గిటార్లలా వినిపించే ఎఫెక్ట్), పెద్ద బూడిద రంగు డబ్బా, రోలాండ్ జేసీ-120 యాంప్‌లో ఉన్న కోరస్‌నే బయటకి తీసి పెట్టింది. 1977లో ఇప్పుడు మనకి తెలిసిన చిన్న సైజు పెడల్స్ మొదలయ్యాయి, ఓడీ-1, పీహెచ్-1, ఎస్‌పీ-1. 1978లో డీఎస్-1. వెనక స్టిక్కర్ మీద మేడ్ ఇన్ జపాన్ అని ఉంటే సాధారణంగా 80ల చివరికి ముందుదని అర్థం, తర్వాత తయారీ తైవాన్‌కి వెళ్లింది. తైవాన్‌వి తక్కువని కాదు, రేటు తక్కువ అంతే, వాయించుకోవడానికి కొనేవాళ్లకి అదే మంచి బేరం.

ఒక విషయం మాత్రం గుర్తుపెట్టుకోండి, దీనివల్ల మంచి పెడల్స్‌ని చచ్చిపోయాయని సగం రేటుకి అమ్మేస్తుంటారు. అడాప్టర్ జాక్ దగ్గర లేదా స్టిక్కర్ మీద ఏసీఏ అని రాసి ఉంటే ఆ పెడల్ పాతకాలపు రెగ్యులేట్ చెయ్యని 12 వోల్టుల అడాప్టర్ కోసం చేసింది, లోపల ఒక రెసిస్టర్, డయోడ్ పెట్టి ఆ వోల్టేజ్‌ని దించుతారు. దానికి మీరు ఇప్పటి 9 వోల్టుల అడాప్టర్ పెడితే లైట్ గుడ్డిగా వెలుగుతుంది, సౌండ్ నీరసంగా వస్తుంది. కొనే ముందు కొత్త 9 వోల్ట్ బ్యాటరీ వేసి చూడండి, లైట్ బాగా వెలిగిందంటే పెడల్‌కి రోగం లేదు. సీఈ-1 లాంటివి అయితే నేరుగా మెయిన్స్‌కి పెట్టేవి, జపాన్ మార్కెట్ పీస్ 100 వోల్టులది, మన 230లో పెడితే ఆ క్షణమే ట్రాన్స్‌ఫార్మర్ పోతుంది, స్టెప్‌డౌన్ లేకుండా దాని దగ్గరికి కూడా వెళ్లకండి.

నేను ఎక్కువ ప్రేమగా వెతికేది అనలాగ్ డిలేలు, అంటే వాయించిన నోట్‌ని కాసేపాగి మళ్లీ వినిపించే పెడల్స్. వాటిలో ఉండేది బకెట్ బ్రిగేడ్ చిప్, 1969లో ఫిలిప్స్ వాళ్లు కనిపెట్టింది. పెళ్లింట్లో బావి దగ్గర్నుంచి వంటల దాకా వరసలో నిలబడి నీళ్ల బిందెలు చేతులు మార్చుకున్నట్టు, సిగ్నల్‌ని చిన్న చిన్న కెపాసిటర్లలో ఒకదాని నుంచి ఇంకోదానికి అందిస్తూ పోతారు, చివరికి చేరేసరికి కొంత టైం పడుతుంది, ఆ టైమే డిలే. దారిలో కొంత ఒలికిపోతుంది కూడా, అందుకే ప్రతి రిపీట్ ముందుదానికన్నా మసకగా, మెత్తగా ఉంటుంది. 1981లో వచ్చిన బాస్ డీఎం-2 మొదటి పీసుల్లో మాత్సుషితా వాళ్ల ఎంఎన్3005 ఉండేది, 4096 మెట్లు, తర్వాత తక్కువ వోల్టేజ్‌తో నడిచే ఎంఎన్3205 పెట్టారు. మొదటిదానికే రేటు ఎక్కువ పలుకుతుంది. నేను రెండూ విన్నాను, మొదటిది కొంచెం వెచ్చగా అనిపించింది, కానీ రెండోదాని లోపల ట్రిమ్ పాట్‌లు (స్క్రూడ్రైవర్‌తో తిప్పి సర్దే చిన్న నాబ్‌లు) సరిగ్గా సర్దితే ఆ తేడా చాలావరకు పోయింది. ఏళ్ల తరబడి ఎవరూ ముట్టుకోని ట్రిమ్ పాట్‌ని చిప్ తప్పుగా లెక్కేసి కొట్టిపారేస్తుంటారు.

అసలుదో కాదో తెలుసుకోవడానికి నేను ముందు చూసేది పెయింట్ కాదు, పొటెన్షియోమీటర్ (నాబ్ కింద ఉండి తిరిగే పార్ట్, పాట్ అంటారు) వెనక కోడ్. అమెరికన్ పెడల్స్‌లో పాట్ మీద అంకెలు ముద్రించి ఉంటాయి, 137 అంటే తయారుచేసింది సీటీఎస్ కంపెనీ, 304 అంటే స్టాక్‌పోల్ కంపెనీ, ఆ తర్వాతి అంకెలు సంవత్సరం, వారం. 1377320 అని ఉంటే 1973 ఇరవయ్యో వారం. పెడల్ ఆ తేదీ తర్వాతే తయారై ఉండాలి, పాట్‌లు గోడౌన్‌లో పడి ఉండొచ్చు కాబట్టి ఏడాది రెండేళ్లు తర్వాతైనా అయ్యుండొచ్చు, ముందు మాత్రం కాదు. అమ్మేవాళ్లని లోపలి ఫోటో అడగండి, టంకం మెరుపు చూడండి, ఫ్యాక్టరీ టంకం నలభై యాభై ఏళ్లకి కాస్త మసకబారుతుంది, ఒక్కచోట మాత్రమే తళతళలాడుతుంటే అక్కడ చెయ్యి పడింది. చెయ్యి పడితే తప్పేం కాదు, చెప్పి అమ్మాలి.

ఇక్కడ నేను చాలామంది కలెక్టర్లతో విభేదిస్తాను. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు ఎండిపోతాయి, నలభై ఏళ్ల తర్వాత హమ్ వస్తుంది, బేస్ పల్చబడుతుంది. మార్చకండి, ఒరిజినాలిటీ పోతుంది అంటారు. మార్చాలి. తీసిన పాత పార్ట్స్ చిన్న జిప్ కవర్లో వేసి, ఏది ఎక్కడిదో కాగితం మీద రాసి, డబ్బాతో పాటే ఉంచండి, రేపు అమ్మినా కొనేవాడికి అన్నీ ఉంటాయి. ట్రాన్సిస్టర్లు, డయోడ్లు, బకెట్ బ్రిగేడ్ చిప్‌లు మాత్రం పూర్తిగా చచ్చిపోతే తప్ప ముట్టుకోవద్దు, ఆ పీస్ గొంతు వాటిలోనే ఉంది. స్విచ్ కిరకిరలాడితే ముందు క్లీనర్ కొట్టి చూడండి, కొత్తది వెయ్యడానికి తొందరేం లేదు.

మన దగ్గర పాత పెడల్స్ లేవనుకోవద్దు. ఆంధ్రాలో గిటార్ ఎక్కువగా బతికింది చర్చిల్లో, పాటకచేరీల ఆర్కెస్ట్రాల్లో, 80లు 90లలో గల్ఫ్ నుంచో సింగపూర్ నుంచో ఎవరో తెచ్చిచ్చిన బాస్ పెడల్స్ ఇప్పటికీ స్పీకర్ బాక్సుల వెనక దుమ్ములో పడి ఉన్నాయి, నేను గుంటూరు వైపు అలాంటివి కళ్లారా చూశాను. మీకు తెలిసిన పెద్దవాళ్లెవరైనా వాయించేవాళ్లుంటే వెళ్లి అడగండి, అడిగి కొనేయడమే కాదు, ఏ పాటకి ఏ నాబ్ ఎక్కడ పెట్టేవారో కూడా అడిగి రాసుకోండి. పెడల్ దొరికితే ముందు చేయాల్సిన పని వెనక మూత తీసి లోపల బ్యాటరీ ఉందేమో చూడటం, కారి ఉంటే కాంటాక్టుల మీద పచ్చగా పట్టిన దాన్ని కొంచెం వెనిగర్ తడిపిన దూదితో తుడిచి, ఆరనిచ్చి, ఆ తర్వాతే కరెంట్ ఇవ్వండి. లోపలి బోర్డు ఫోటో పంపిస్తే ఏ కాలం నాటిదో చెప్పడానికి నాకు తెలిసినంతలో సాయం చేస్తాను.