లెక్కలకు బహుమతి, తెలుగుకు వద్దు

ప్రభుత్వ టీచర్ ఉద్యోగానికి డీఎస్సీ పరీక్ష రాయాలనుకున్నప్పుడు నాకు భయం వేసింది ఒక్క లెక్కలకే. డీఎడ్ చేసి చాలా ఏళ్లయింది. పెళ్లి, పాప, కడపలో మా ఆయన అంగడి, వీటి మధ్య పుస్తకం పట్టిందే లేదు. సెకండరీ గ్రేడ్ టీచర్ పరీక్షలో 160 ప్రశ్నలుంటాయి. ఒక్కోదానికి అర మార్కు, మొత్తం 80. మిగతా 20 టీచర్ అర్హత పరీక్ష టెట్‌లో వచ్చిన మార్కులను బట్టి కలుస్తాయి. అర మార్కు తగ్గినా ర్యాంకు ఎక్కడికో జారిపోతుంది కాబట్టి లెక్కలు వదిలేస్తే కుదరదు. కానీ ఆ పుస్తకం తెరవగానే బట్టలు నానబెట్టాలనీ, అలమర సర్దాలనీ గుర్తొచ్చేది.

దారి మనోవిజ్ఞానం పుస్తకంలోనే దొరికింది. ఒక పని చేశాక తృప్తి కలిగితే మళ్లీ ఆ పని చేయాలనిపిస్తుందని థారన్‌డైక్ ఫలిత నియమం చెబుతుంది. బిట్ల కోసం బట్టీ పడుతూ ఉంటే, మరి లెక్కలు చేస్తే నాకు తృప్తి ఎప్పుడు కలుగుతుంది అన్న ఆలోచన వచ్చింది. ఉద్యోగం వచ్చాకనే కదా! అది ఎన్ని నెలల అవతల ఉందో తెలియదు. అదే పుస్తకంలో స్కిన్నర్ అనే మనోవిజ్ఞాన శాస్త్రవేత్త ప్రయోగం ఉంది, ఆయన పెట్టెలో ఎలుక మీట నొక్కిన వెంటనే తిండి పడింది. నాకూ వెంటనే పడేది ఏదో ఒకటి కావాలి.

మార్కులకు బహుమతి పెట్టుకోలేదు. మాక్ టెస్టులో ఎన్ని వస్తాయనేది నా చేతిలో ఉండదు, కూర్చుని ఒక అభ్యాసం పూర్తి చేయడం ఉంటుంది. అందుకే అభ్యాసం మొత్తం చేసి, జవాబులు సరిచూసి, తప్పులు ఎర్ర పెన్నుతో దిద్దుకుంటే చాలు, బహుమతి. ఎన్ని తప్పులొచ్చినా సరే.

బహుమతి మన చేతిలోనే ఉంటే పని కాకముందే తీసేసుకుంటాం. అందుకని ఖాళీ హార్లిక్స్ సీసాలో బహుమతులు రాసిన చీటీలు వేసి అత్తమ్మకు అప్పజెప్పినాను. ఆమెకు చదువు రాదు. అయినా నాకు దొరికిన అందరికంటే గట్టి ఇన్విజిలేటర్ ఆమే. రాత్రి అంట్లు తోమడం అయ్యాక, "ఏమ్మా, అయినాయా లెక్కలు? యాదీ, నోటుబుక్కు చూపీ" అనేది. పేజీ నిండిందా, ఎర్ర సిరా కనబడుతోందా చూసి, అప్పుడు గానీ సీసా మూత తీసేది కాదు. చీటీ తీసేది పాప, గట్టిగా చదివేదీ పాపే. "రేపు పొద్దున టిఫిన్ నాన్న చేస్తాడు." "ఆదివారం కారం దోశ." ఎర్రకారం పూసి పైన పప్పుల పొడి చల్లిన దోశ కోసం నేను సరళవడ్డీ, చక్రవడ్డీ రెండూ చేశానంటే మా ఊరివాళ్లు నమ్ముతారు. టీవీ సీరియల్, ఫోన్ మాత్రం చీటీల్లో రాయలేదు. అరగంట అనుకుని మొదలుపెడితే నిద్ర పోతుంది, మరుసటి రోజు చదువూ పోతుంది.

కొన్ని చీటీలు ఖాళీగా వేశాను. ఇదీ స్కిన్నర్ దగ్గర నేర్చుకున్నదే. ఎన్నిసార్లకు ఒకసారి బహుమతి వస్తుందో తెలియనప్పుడు పని ఎక్కువ కాలం నిలబడుతుందని ఆయన ప్రయోగాలు చూపించాయి. ఖాళీ చీటీ వస్తే పాప ఊరుకునేది కాదు. "ఇంకొక అభ్యాసం చేయమ్మా, మళ్లీ తీద్దాం" అని నా పక్కనే పలక పెట్టుకుని కూర్చునేది.

తెలుగుకు మాత్రం ఒక్క చీటీ కూడా వేయలేదు. దీనికీ ఒక కారణముంది. 1973లో లెపర్, గ్రీన్, నిస్బెట్ అనే ముగ్గురు పరిశోధకులు బొమ్మలు గీయడం ఇష్టమున్న నర్సరీ పిల్లలను గమనించారు. గీస్తే బహుమతి పత్రం ఇస్తామని కొందరికి ముందే చెప్పి, గీశాక ఇచ్చారు. తర్వాత తీరిక దొరికినప్పుడు ఆ పిల్లలు బొమ్మల జోలికి పోవడం తగ్గింది. ముందు చెప్పకుండా పత్రం ఇచ్చిన పిల్లల్లో అలా తగ్గలేదు. ఇది చదివాక నాకు చాలా జాగ్రత్త వచ్చింది. యర్రముక్కపల్లెలో బ్రౌన్ గ్రంథాలయానికి వెళ్లి పద్యాల పుస్తకాలు ముందేసుకుంటే నాకు టైమే తెలియదు. వేమన పద్యాలు సేకరించి అచ్చువేయించిన మనిషి పేరుమీద ఉన్న చోటది. అక్కడ కూర్చోవడానికి ఎవరైనా నాకు దోశ ఇప్పించడమేమిటి? నేను టీచర్ కావాలనుకున్నదే ఆ పద్యాలు పిల్లలతో చెప్పించాలని. ఇష్టమున్న చోట బహుమతి పెట్టకూడదన్నది నాకు తెలిసిన వాళ్లందరికీ, ముఖ్యంగా పిల్లల తల్లులకు, చెబుతూనే ఉంటాను. కథల పుస్తకం తనంతట తాను చదివే బిడ్డకు పేజీకింత అని డబ్బులివ్వొద్దు.

శాతాలు, భిన్నాలు చేతికి అలవాటయ్యాక అభ్యాసానికి ఒక చీటీ కాస్తా అధ్యాయానికి ఒకటి అయింది. కాలం-పని లెక్కల దగ్గరికి వచ్చేసరికి సీసా అడగడం నేనే మానేశాను.

పెద్ద బహుమతి ఒకటే పెట్టుకున్నాం, గండికోట. అదీ ఫలితాలు రాకముందే పోవాలి, ఎందుకంటే అది సిలబస్ పూర్తి చేసినందుకు, ఉద్యోగానికి కాదు. 2025 జూన్‌లో పరీక్ష రాశాక జమ్మలమడుగు మీదుగా అందరం పోయినాం. పెన్నా లోయ అంచున రాళ్ల మీద అత్తమ్మ చిత్రాన్నం గిన్నె విప్పి, "తిను, కష్టపడినావు" అని మొదట నాకే పెట్టింది.

పోస్టు రాలేదు. రెండు రోజులు ఏడ్చినాను. ఇప్పుడు తర్వాతి నోటిఫికేషన్‌కు చదువుతున్నాను. లెక్కలు చీటీ లేకుండానే సాగుతున్నాయి. సీసాలో ఈసారి సైన్స్‌కు వేసినాం, చీటీలు పాపే రాసింది.