నవంబర్‌లో ఆ గంట ఎవరిది?

అమెరికా క్లయింట్‌తో పనిచేసే మనవాళ్లకి నవంబర్ మొదటి ఆదివారం బాగా గుర్తుంటుంది. అక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. న్యూయార్క్‌కీ మనకీ మధ్య తొమ్మిదిన్నర గంటల తేడా కాస్తా పదిన్నర అవుతుంది. వాళ్లకి ఎప్పటిలాగే పొద్దున పదింటి మీటింగే. మనకి మాత్రం రాత్రి ఏడున్నర కాల్ ఎనిమిదిన్నరకి జరుగుతుంది. మళ్లీ మార్చి రెండో ఆదివారం దాకా ఇంతే.

మా పాప రెండో తరగతి. తొమ్మిదింటికల్లా నిద్రపోతుంది. నేను ఎనిమిదిన్నరకి కాల్‌లో కూర్చుంటే దాన్ని పడుకోబెట్టేది మా అత్తయ్యగారు. ఆవిడ ప్రేమగానే చేస్తారు, అందులో లోటేం లేదు. కానీ బళ్లో ఏం జరిగిందని పగలంతా అడిగినా "ఏం లేదు" అనే పిల్ల, పక్క ఎక్కాకే నోరు విప్పుతుంది. ఎవరు కొట్టారు, టీచర్ ఎందుకు కోప్పడింది, లంచ్‌బాక్స్ ఎందుకు మిగిలింది, అన్నీ అప్పుడే చెప్తుంది. ఆ అరగంట నాకు కావాలి.

అందుకే పోయినేడు అక్టోబర్‌లోనే మెయిల్ పెట్టాను. చలికాలంలో మీటింగ్ వాళ్ల టైము ప్రకారం తొమ్మిదింటికి పెడితే మనకి ఏడున్నరే ఉంటుంది, అలా మార్చమని. రేటింగ్ మీద పడుతుందేమోనని టెన్షన్ పడ్డ మాట నిజం. క్లయింట్ వైపు ఆవిడ వెంటనే సరేనన్నారు. ఇండియాలో టైము మారదన్న సంగతే ఆవిడకి తెలియదట!

హైదరాబాద్‌లో ఉన్నప్పుడు గచ్చిబౌలిలో ఆఫీసు బస్సెక్కి కూకట్‌పల్లిలో దిగేదాకా నన్ను ఎవరూ పని అడిగేవారు కాదు. రాజమండ్రి వచ్చేసి ఇంటి నుంచే పనిచేయడం మొదలయ్యాక ఆ ప్రయాణం తప్పింది. మిగిలిన టైము మాత్రం నా చేతికి రాలేదు, మెల్లగా ఆఫీసుకే పోయింది. సాయంత్రం ఆరింటికి మెసేజ్: "ఇంట్లోనే ఉన్నారుగా, రెండు నిమిషాలు కాల్‌లోకి వస్తారా?" ఈ మాట నేను ఒప్పుకోను. ఇంట్లో ఉండటం వేరు, డ్యూటీలో ఉండటం వేరు.

ఇప్పుడు ఐదు నుంచి ఏడున్నర దాకా నా క్యాలెండర్‌లో "ఔట్ ఆఫ్ ఆఫీస్" అని ఉంటుంది. ఉత్త "బిజీ" అని పెడితే దాని మీదే మీటింగ్ పెట్టేస్తారు. ఇలా పెడితే ఆ టైముకి వచ్చే మీటింగ్ పిలుపుల్ని క్యాలెండరే తిప్పి పంపేలా చేసుకోవచ్చు. ఫోన్‌లో ఆఫీసు యాప్‌లన్నీ వర్క్ ప్రొఫైల్‌లో ఉంచాను. ఆండ్రాయిడ్‌లో ఒక్క స్విచ్ నొక్కితే అన్నీ ఆగిపోతాయి, మెయిల్ వచ్చినట్టు కూడా తెలియదు. టీమ్‌కి ఒకటే చెప్పాను: ప్రొడక్షన్‌లో, అంటే క్లయింట్ వాడుతున్న సిస్టమ్‌లో, ఏదైనా ఆగిపోతే ఫోన్ చేయండి, తప్పకుండా ఎత్తుతాను, మెసేజ్ పెడితే ఏడున్నరకే చూస్తాను. ఆ తర్వాత ఫోన్ మోగిన సందర్భాలు చాలా తక్కువ. "అర్జెంట్" అన్న వాటిలో ఎక్కువభాగం ఏడున్నర దాకా ఆగగలిగినవే. పాపా నేనూ ఆ వేళ పుష్కరాల రేవు దాకా నడిచి వస్తున్నాం.

ఫ్రాన్స్‌లో పని వేళల తర్వాత ఆఫీసుకి అందుబాటులో లేకుండా ఉండే హక్కు 2017 జనవరి నుంచి చట్టంలో ఉంది. ఆస్ట్రేలియాలో 2024 ఆగస్టులో వచ్చింది. మన లోక్‌సభలో ఎంపీ సుప్రియా సూలే 2018లో ఇలాంటి ప్రైవేటు మెంబరు బిల్లు (మంత్రి కాని సభ్యులు తెచ్చే బిల్లు) పెట్టారు. అది చట్టం కాలేదు. 1970 తర్వాత ప్రైవేటు మెంబరు బిల్లు ఒక్కటీ చట్టం కాలేదు కాబట్టి దాని కోసం కూర్చుంటే మన పిల్లలు పెద్దవాళ్లైపోతారు. ఎవరికి వాళ్లం అడగాల్సిందే.

అయితే అందరూ అడగలేరు. ప్రొబేషన్‌లో ఉన్న కుర్రాడు రాత్రి పదింటికి లీడ్ దగ్గర్నుంచి మెసేజ్ వస్తే ల్యాప్‌టాప్ తెరవక ఏం చేస్తాడు? "పొద్దున చూడు చాలు" అని చివర రాసినా తెరుస్తాడు. కాబట్టి అనుభవం ఉన్నవాళ్లమే ముందు నోరు తెరవాలి, మన కింద పనిచేసేవాళ్లకి రాత్రిపూట మెసేజ్‌లు పంపడం మానాలి. నాకు రాత్రి ఏదైనా గుర్తొస్తే అప్పుడే రాసేస్తాను కానీ, మర్నాడు పదింటికి వెళ్లేలా షెడ్యూల్ చేస్తాను. మీలో ఎవరైనా టీమ్ లీడ్‌లు ఉంటే ఈ ఒక్క పని ఇవాళ్టి నుంచే మొదలుపెట్టండి.