శిథిలాన్ని కట్టడం

1/35 స్కేలు (అంటే అసలు దానిలో 35వ వంతు) యుద్ధ ట్యాంకు నమూనాను నిలబెట్టడానికి, కూలిన భవనాన్ని చూపే పీఠాన్ని ఈమధ్యే పూర్తి చేశాను. గట్టి ఫోమ్ పలక మీద ఇటుకల వరుసలను పెన్సిలుతో నొక్కి గీసేటప్పుడు, 210 మిల్లీమీటర్ల అసలు ఇటుక ఈ కొలతలో 6 మిల్లీమీటర్లే అవుతుందన్న లెక్కను ఎక్కడా వదలలేదు. ఇటుక పెద్దదైతే పక్కనున్న ట్యాంకు ఆటబొమ్మలా తేలిపోతుంది. రంగులు వేయడం త్వరగానే ముగిసింది. ఎక్కువ ఆలోచన కోరింది శిథిలాల కుప్పే, ఎందుకంటే గోడలో లేని భాగమంతా దాదాపుగా కిందే కనిపించాలి, అందులో ఇటుక ముక్కలతో పాటు విరిగిన దూలాలు, పెంకులు, కిటికీ చట్రాలు, సున్నపు పొడి కలగలిసి ఉండాలి. (గోడ సగం మాయమైనా కింద గుప్పెడు రాళ్లే ఉన్న నమూనాలను చూసినప్పుడల్లా, మిగతా ఇటుకలను ఎవరు ఎత్తుకెళ్లారా అనిపిస్తుంది.) నీళ్లు కలిపిన తెల్ల జిగురుతో ఆ శిథిలాలను అతికించి, ఆరిన తరువాత శిథిలాల మీద చల్లిన దుమ్ము రంగు పొడినే ట్యాంకు గొలుసు పట్టాలకూ పూశాను.