గోదావరిఖని నుంచి భీమిలి దాకా: నా అనుభవం

మొత్తానికి వైజాగ్ పక్కన భీమిలిలో కొన్న ఫ్లాట్ రిజిస్ట్రేషన్ అయిపోయింది. కాగితాలు బీరువాలో పెట్టి ఇది రాస్తున్నాను. కోపం ఇంకా దిగలేదు కాబట్టి ఎక్కడైనా మాట కాస్త గట్టిగా పడితే ఏమీ అనుకోకండి.

నేను సింగరేణి ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో డంపర్లు బాగుచేసే ఫిట్టర్‌ని. గోదావరిఖనిలో కంపెనీ కార్టర్. 61 నిండగానే డ్యూటీతో పాటు కార్టర్ కూడా వదలాలి. మా బాయి (గని) వాళ్లలో ఎక్కువ మంది దిగిపోయాక కరీంనగర్‌లోనో హనుమకొండలోనో ఇల్లు చూసుకుంటారు. నాకు రెండూ వద్దు. కారణం ఒక్కటే, ఎండ. రామగుండం ఎండ అంటే ఏమిటో ఇక్కడ బతికినవాళ్లకే తెలుసు. మేలో 45 మాకు పెద్ద వార్త కాదు. ఒక పక్క ఎన్టీపీసీ, ఇంకో పక్క ఓపెన్‌కాస్టు గుంతలు, మధ్యాహ్నం బ్లాస్టింగ్‌కు వంటింట్లో గిన్నెలు గలగలమంటాయి. రాత్రి పదకొండింటికి గోడకు ఆనుకుంటే వీపు చురుక్కుమంటుంది. మా ఇంటామెకు బీపీ ఉంది, ఎండాకాలం రెండు నెలలూ ఆమెకు జైలే. అందుకే సముద్రం పక్కన ఊరు వెతుకుదాం అనుకున్నాం, అదీ సర్వీసు ఉండగానే. జీతం చీటీ చేతిలో ఉంటేనే బ్యాంకువాడు కుర్చీ వేసి కూర్చోబెడతాడు.

ముందు బాపట్ల, చీరాల చూశాం. సూర్యలంక, వాడరేవు బీచ్‌లు చూడ్డానికి బాగుంటాయి. కానీ మే చివర, జూన్ మొదట్లో అక్కడ ఉండి చూడండి. పడమటి గాలి బలంగా వీచే రోజుల్లో సముద్రపు గాలి లోపలికి రావడం ఆలస్యమవుతుంది, అప్పటిదాకా ఒంగోలు, బాపట్ల, మచిలీపట్నం మా ఊరిలాగే కాలుతాయి. సముద్రం పెద్ద రేడియేటరే, ఒప్పుకుంటాను. గాలి దాని మీదుగా వస్తేనే చల్లబడతాం, మన వైపు నుంచి దాని మీదికి పోతే లాభం లేదు. ఈ ముక్క ఏ బ్రోకరూ చెప్పడు.

కాకినాడకు పెన్షనర్ల స్వర్గం అని పేరు. గీత గీసినట్టుండే వీధులు, పెద్ద గవర్నమెంటు ఆసుపత్రి, వరంగల్‌లో గౌతమి ఎక్కితే నేరుగా అక్కడే దిగొచ్చు. నాకు నచ్చింది. మా ఆమెకు రాత్రి ఉక్క పడలేదు. పైగా ఉప్పాడ వైపు వెళ్లి, సముద్రం ఇళ్లనూ రోడ్డునూ ఎలా కోసుకుపోతోందో చూసొచ్చాక ఇక ఆ ఊరి పేరు ఎత్తనివ్వలేదు. పుదుచ్చేరి అన్నాడు మా అబ్బాయి. కూరగాయలకు పోతే సైగలు చేయాలా అని వాళ్లమ్మ ఒక్క మాటతో కొట్టేసింది.

చివరికి వైజాగ్ వైపు తేలాం. అక్కడ కూడా ఏ వైపో చూసుకోవాలి. ఒకే ఊరికి వాల్తేరులో ఒక వాతావరణ కేంద్రం, ఎయిర్‌పోర్టులో ఇంకోటి ఉన్నాయి. ఎండాకాలం పేపర్లో రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూడండి. కొండల వెనక ఉన్న ఎయిర్‌పోర్టు వైపు చాలా రోజులు కొన్ని డిగ్రీలు ఎక్కువే ఉంటుంది. సముద్రం వైపు మేలో కూడా 35 అటూ ఇటూ. కాకపోతే ఆ వైపు ధర అడిగితే మళ్లీ చెమట పడుతుంది. అందుకే బీచ్ రోడ్డు పట్టుకుని రుషికొండ, తొట్లకొండ దాటి భీమిలి దాకా పోయాం. డచ్చివాళ్ల సమాధులు, లైట్‌హౌసు, గోస్తని నది కలిసే చోటు, పొద్దున్నే పడవల దగ్గర చేపల బేరం. పెద్ద రోగమొస్తే వైజాగ్ పెద్దాసుపత్రి కేజీహెచ్ గంట దూరం. రిటైరయ్యాక వైద్యానికి పనికొచ్చే మా సీపీఆర్‌ఎంఎస్ కార్డు తీసుకునే ఆసుపత్రులేవో కంపెనీ లిస్టులో ముందే చూసుకున్నాను. సింగరేణి వాళ్లు ఎవరైనా ఊరి కంటే ముందు ఈ లిస్టు చూడాలి.

హనుమకొండలో ఉండే మా బామ్మర్ది ఒకటే భయపెట్టాడు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వైజాగ్‌ను ఏం చేసిందో మర్చిపోయావా బావా అని. మర్చిపోలేదు. కానీ 2025 అక్టోబర్‌లో మొంథా కోస్తాలో తీరం దాటితే మోకాళ్ల లోతు నీళ్లలో సామాన్లు మోసుకున్నది ఎవరు? హనుమకొండలో మా బామ్మర్దే. అప్పటి నుంచి ఆ మాట ఎత్తడం లేదు.

కొనే ముందు కిరాయికి ఉండి చూశాం, మేలో ఒకసారి, తుపాన్ల కాలంలో ఇంకోసారి. ఇల్లు దొరకడానికి తిప్పలు పడ్డాం. "మీరు ఏవుట్లండీ?" అని నేరుగా కులం అడిగింది ఒకరు, "మీ ఇంటి పేరు ఏటండీ?" అని తిప్పి ఇంకొకరు. చెప్పాక "మా అబ్బాయిని అడిగి చెప్తాం" అంటారు. ఆ అబ్బాయి అమెరికాలో ఉంటాడు, ఎప్పటికీ నిద్ర లేవడు. మన దగ్గర మాత్రం అడగరా అంటే, అడుగుతారు. సిగ్గుపడాల్సిన పనే, ఎవరు చేసినా. చివరికి ఒక ముసలాయన ఏమీ అడగకుండా తాళంచెవి ఇచ్చాడు. ఆ ఇంట్లో ఉన్నప్పుడే తెలిసింది, కిటికీ ఇనుప చువ్వను గోటితో గీకితే పొరలు పొరలుగా ఊడొస్తుందని. ఉప్పు గాలి. ఏసీ బయటి డబ్బా కూడా తొందరగానే పోతుందట. సముద్రం కనబడే ఇల్లు కావాలని ఎగబడేవాళ్లు ఈ ఖర్చు కూడా కలుపుకోండి. మేం రెండు వీధులు వెనక్కి తగ్గాం, గాలి వస్తుంది, ఉప్పు తగ్గుతుంది.

బ్రోకర్లు అలల పక్కనే ప్లాట్లు చూపించారు. సీఆర్‌జెడ్ అనే తీరప్రాంత నిబంధన ఒకటుందని, పోటు నీళ్లు వచ్చే గీత నుంచి 500 మీటర్ల వరకు ఆంక్షలుంటాయని అడిగితే "అవన్నీ చూసుకుంటాం సార్" అన్నారు. ఎర్రమట్టి దిబ్బల దగ్గర వెంచర్ అన్నా, దేవస్థానంతో గొడవలో ఉన్న సింహాచలం పంచగ్రామాల భూమి అన్నా, వెనక్కి తిరిగి చూడకుండా రండి. 22ఏ జాబితా (అమ్మకూడని భూముల లిస్టు), ఈసీ (ఆస్తి మీద అప్పులు, అమ్మకాలు చూపే కాగితం) రెండూ ఆన్‌లైన్‌లో మీరే చూసుకోండి. మేం పాత అపార్ట్‌మెంట్‌లో ఫ్లాట్ తీసుకున్నాం. అమ్మినాయన రిటైరైన టీచరు, లింకు డాక్యుమెంట్లు (పాత దస్తావేజులు) వరసగా అట్ట వేసి పెట్టుకున్న మనిషి. లోన్ కూడా గొడవ లేకుండా వచ్చింది.

ఇక రిజిస్ట్రేషన్. జిల్లాలో ఎక్కడైనా చేయించుకోవచ్చు కాబట్టి స్లాట్ దొరికిన ఆఫీసుకు పోయాం. ఏ ఆఫీసో చెప్పను. స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, ఫీజు కలిపి ఏడున్నర శాతం కట్టేశాం. పొద్దున్నే స్నానాలు చేసి, మా ఆమె పట్టుచీర కట్టుకుని, కంప్యూటర్ ముందున్న కుర్రాడి దగ్గర నిలబడ్డాం. టీచర్ గారి వేలిముద్ర పడింది. నా వంతు వచ్చింది. ఆధార్ మిషన్ మీద కుడి బొటనవేలు పెట్టాను. ఎర్ర లైటు వెలిగింది, ఆరింది. స్క్రీన్ మీద మ్యాచ్ కాలేదని వచ్చింది.

"గట్టిగా పెట్టండి."

పెట్టాను. "అంత గట్టిగా కాదండీ." మెల్లగా పెట్టాను. రుమాలుతో తుడుచుకుని పెట్టాను. కడుక్కొచ్చి పెట్టాను. ఎవరో క్రీము ఇచ్చారు, అది రాసి పెడితే అద్దం మీద మరక పడిందని తిట్టాడు. వెనక లైనులో వాళ్లు గొణుగుడు మొదలుపెట్టారు. ఒకాయన ఫోన్లో "ఎవడో ముందు ఇరుక్కుపోయాడు" అని చెప్తున్నాడు, నాకు వినపడేలాగే.

ముప్పై ఏళ్ల పైనే డీజిల్, గ్రీజు, కిరోసిన్, ఎమరీ పేపర్‌తో పనిచేసిన చేతులివి. బేరింగ్‌లో వెంట్రుకంత లూజు ఉంటే ఇదే బొటనవేలు పెట్టి చెప్పేస్తాను. ఇంజనీర్లు గేజ్ పెట్టి చూసి అవునంటారు. మా షిఫ్టులో ఎవరినైనా అడగండి. అలాంటి వేలు ఆ అగ్గిపెట్టెంత మిషన్‌కు పనికి రాలేదు.

కుర్రాడు నా ఆధార్ కార్డు తీసుకుని ఫొటో చూశాడు, నన్ను చూశాడు, మళ్లీ ఫొటో చూశాడు. తర్వాత నాతో కాదు, టీచర్ గారితో అన్నాడు: "మాస్టారూ, పార్టీ అసలు మనిషేనా? మీకు ముందు నుంచి తెలుసా?"

నేను అక్కడే నిలబడి ఉన్నాను. కంపెనీ ఐడీ కార్డు తీసి బల్ల మీద పెట్టాను. "సింగరేణి అంటే ఏ ఊరండీ?" అన్నాడు. ఆంధ్రా కరెంటుకు ఏళ్ల తరబడి మా బొగ్గు పోయింది తమ్ముడూ అందామనుకున్నా, నోరు రాలేదు. తెలంగాణ నుంచి వచ్చి ఇక్కడెందుకు కొంటున్నారు, దొంగ రిజిస్ట్రేషన్లు ఎక్కువైపోయాయి, మాకు పైనుంచి టెన్షన్ అని అందరికీ వినిపించేలా చెప్పాడు. మమ్మల్ని బెంచీ మీద కూర్చోమన్నాడు. పట్టుచీర కొంగుతో మొహం తుడుచుకుంటూ మా ఆమె "ఇగ పోదాం పాండి, ఇల్లు వద్దు ఏం వద్దు" అంది. ఏ బాయిలో ఏ ఆఫీసరు తిట్టినా నాకు అంత చిన్నతనం అనిపించలేదు. డాక్యుమెంట్ రైటర్ వచ్చి చెవిలో "ఏదో ఒకటి సర్దుదాం సార్" అన్నాడు. ఏం సర్దుతాడు, నా వేలినా?

బెంచీ మీద మా పక్కన చేపలమ్మే పెద్దావిడ ఉంది. కూతురికి ఇల్లు రాసివ్వడానికి వచ్చింది. ఆమెదీ పొద్దుట్నుంచి పడలేదట. నా చెయ్యి లాక్కుని చూసి, తన చెయ్యి చూపించింది. ఉప్పుకూ కత్తికీ అరిగిపోయి, నా బొటనవేలి కంటే నున్నగా ఉంది.

"బొటనేలు ఎందుకు బాబూ? రేషన్ కాడ నాకు ఎడం చేతి ఉంగరపు ఏలే పడతాది. ఆ ఏలు పనికి పోదు కదా, అరగదు. ఇందాకట్నుంచి ఈ కుర్రోడికి అదే సెప్తన్నాను, ఇంటేనా!"

లేచి నేరుగా అతని దగ్గరికి పోయింది. నేను వెనక. "రూలు బొటనవేలే అమ్మా" అన్నాడు. ఏ రూలు, చూపించమంది. ఆధార్‌కు పది వేళ్లలో ఏదైనా సరిపోతుంది, మిషన్‌కు తెలుసు, అతనికే తెలియదు. గొంతు పెద్దదైంది, లోపలి నుంచి సబ్ రిజిస్ట్రార్ బయటికొచ్చి "ఏ వేలైనా పెట్టించవయ్యా" అన్నాడు. ముందు ఆవిడ పెట్టింది. పచ్చ టిక్కు. తర్వాత నేను ఎడమ చేతి ఉంగరపు వేలు పెట్టాను. పడింది.

కుర్రాడు తల ఎత్తలేదు. సారీ కూడా అనలేదు. తర్వాత కాగితాల మీద సిరా వేలిముద్రలు వేయించారు, రిజిస్ట్రేషన్ చట్టంలో 32ఏ కింద అవి ఎలాగూ తప్పవు. సిరాతో నా బొటనవేలు బ్రహ్మాండంగా పడింది.

పనిచేసే చేతులకే ఈ శిక్ష. మేస్త్రీలు, మన జగిత్యాల, సిరిసిల్ల వైపు బీడీలు చుట్టే ఆడవాళ్లు, చేపలు కోసేవాళ్లు. కుర్చీలో కూర్చుని సంతకాలు పెట్టినవాళ్ల వేళ్లు మాత్రం మొదటిసారికే పడతాయి. కాబట్టి కష్టం చేసిన చెయ్యి ఉన్నవాళ్లు ఇల్లు కొనే ముందే ఆధార్ సెంటర్‌కు వెళ్లి బయోమెట్రిక్ కొత్తగా ఇచ్చుకోండి. ఫోన్‌లో బయోమెట్రిక్ లాక్ చేసుకుని ఉంటే తీసేయండి. ఏ వేలు బాగా పడుతుందో గుర్తు పెట్టుకోండి, అది మీ రహస్య తాళంచెవి. రేపు పెన్షన్‌కు లైఫ్ సర్టిఫికెట్ విషయంలో భయపడక్కర్లేదు, జీవన్ ప్రమాణ్‌లో 2021 నుంచి ముఖం చూపిస్తే సరిపోతుంది.

ఆ పెద్దావిడకు ఏమైనా ఇద్దామంటే తీసుకోలేదు. పడవల దగ్గరికి వచ్చి చేపలు కొనమంది, బేరం ఆడొద్దంది. మొన్న పోయి వంజరం కొన్నాను. బేరం ఆడాను, తిట్టింది, తగ్గించింది.

మా బాయి వాళ్లు అప్పుడే ఫోన్లు మొదలుపెట్టారు. అదే అపార్ట్‌మెంట్‌లో ఇంకో ఫ్లాట్ అమ్మకానికి ఉంది, నిజమే. ధర మాత్రం చెప్పను. మేలో సెలవు పెట్టుకుని మీ ఇంటామెను తీసుకుని రండి, ఆ ముసలాయన ఇల్లు కిరాయికి మాట్లాడి పెడతాను. ఏసీ లేని గదిలో పడుకుని, పొద్దున ఆమె సరే అంటే, అప్పుడు అడగండి.