కాలువ ఆల్చిప్పకు పిల్లలున్నాయా?

మంచినీటి ముత్యాల సాగు మొదలుపెడదామనుకునేవాళ్లు ముందు అడిగేది ముత్యం కట్టడానికి ఆల్చిప్ప లోపల పూస ఎలా పెట్టాలి, ముత్యానికి ఎంత పలుకుతుంది అని. ఆల్చిప్ప ఎక్కడిదని అడిగేవాళ్లు తక్కువ. విజయవాడ చుట్టుపక్కల అది వచ్చేది బందరు కాలువ, ఏలూరు కాలువ, వాటి పిల్లకాలువలు, ఊరి చెరువుల నుంచే. వరికి నారుమడి ఉంది, చేపకు హేచరీ ఉంది. ఆల్చిప్పకు కాలువే నారుమడి.

లెక్క చూడండి. హెక్టారు చెరువుకు 20 నుంచి 30 వేల చిప్పలు వేయమంటారు. అంటే ఎకరాకు 8 నుంచి 12 వేలు, అన్నీ 8 సెంటీమీటర్లు దాటిన పెద్దవే. చిప్పకూ లోపలి పొరకూ మధ్య పూస పెట్టే పద్ధతిలో ముత్యం తీయాలంటే చిప్ప కోయాల్సిందే, కాబట్టి అవి మళ్లీ కాలువకు రావు.

పోయినవాటి చోటు నిండడం అంత సులువు కాదు. ఆల్చిప్ప పిల్ల గుడ్డులోంచి నేరుగా బురదలోకి దిగదు. తల్లి మొప్పల్లో పెరిగి, నీళ్లలోకి వచ్చాక ఏదో ఒక చేప మొప్పకో రెక్కకో అంటుకుని కొన్నాళ్లు బతకాలి, ఆ తర్వాతే అడుగుకు రాలుతుంది. చేపలు లేని కాలువలో తల్లులు ఎన్ని ఉన్నా పిల్లలుండవు. రాలినచోట కుళ్లిన మురుగు పేరుకుని ఉన్నా, ముదురు చిప్ప ఓర్చుకుంటుంది గానీ పిల్ల చచ్చిపోతుంది. అందుకే కాలువలో చేయి పెట్టినప్పుడు ఎన్ని దొరికాయన్నది కాదు, ఏ సైజులు దొరికాయన్నది చూడాలి. అరచేతి నిండేవే తప్ప రెండు వేళ్ల వెడల్పువి ఒక్కటీ లేకపోతే అక్కడ సంతతి ఆగిపోయినట్టే. అలాంటి చోట ఒక్కదాన్నీ తీయొద్దు.

మరి ఎక్కడ తీయాలి? వేసవిలో కాలువలు కట్టేశాక పూడిక తీస్తారు. పొక్లెయిన్ గట్టు మీద పోసిన మట్టిలో ఆల్చిప్పలు ఎండకు చచ్చేవే. ముందు వాటిని ఏరాలి. ఇంకా తడి ఉన్న అడుగులోనైతే బురద మీద వేలితో గీసినట్టు సన్నని గాడి కనిపిస్తుంది. ఆ గాడి ఆగినచోట చిప్ప ఒక కొస మాత్రం బయటపెట్టి దిగబడి ఉంటుంది. తట్టగానే గట్టిగా మూసుకుంటే ప్రాణం ఉన్నట్టు. తెరిచే ఉన్నా, లోపల బురద నిండి బరువుగా అనిపించినా పారేయండి. మోసేటప్పుడు బక్కెట్టు నీళ్లలో కుక్కొద్దు, గాలి అందక చస్తాయి. తడి గోనెసంచిలో నీడన పెట్టి సాయంత్రం పూట తీసుకెళ్లాలి. సాగుకు పనికిరాని చిన్నవాటిని నీళ్లు నిలిచిన మడుగులో వదిలేయండి.

తెచ్చాక నిల్వ ఉంచిన కుళాయి నీటిలో, లీటరుకు ఒకటి చొప్పున 2, 3 రోజులు ఉంచితే కండరం వదులవుతుంది. అప్పుడు అంచులు సెంటీమీటరు లోపే తెరవాలి. ఎక్కువ పనులు చెడేది ఇక్కడే. తొందరపడి ఇంకాస్త తెరిస్తే మూసే కండరం చిరిగిపోతుంది. ఆ చిప్ప ఆరోజు బాగానే కనిపించి వారంలో చస్తుంది. తెరిచినప్పుడు మొప్పను చూడండి. పల్చని రేకులా ఉండాల్సింది ఉబ్బి దిండులా ఉంటే అది పిల్లలతో ఉన్న తల్లి. దానికి పూస పెట్టొద్దు, పక్కన ఉంచండి. పూస పెట్టేటప్పుడు చిప్పకూ, దాని లోపలివైపు అంటుకుని ఉండే మాంటిల్ అనే మెత్తని పొరకూ మధ్య, పొర చిరగకుండా విడదీసి లోపలికంటా నెట్టాలి. అంచు దగ్గరే వదిలేస్తే కొద్ది రోజుల్లోనే ఊసేస్తుంది.

తర్వాత 10 రోజులు తొట్టిలో ఉంచి, చచ్చినవాటిని రోజూ తీసేయాలి. ఆ పైన నైలాన్ వలసంచికి రెండు చొప్పున, వెదురుకో పీవీసీ పైపుకో కట్టి మీటరు లోతున వేలాడదీయాలి. ముత్యానికి 12 నుంచి 18 నెలలు పడుతుంది. సంచులకు పాచి పడితే నీరు ఆడదు, ఎప్పటికప్పుడు కడగాలి. నీళ్లలో మోచేతి దాకా చేయి ముంచితే అరచేయి మసగ్గా కనిపించాలి. అసలు కనబడకపోతే పచ్చదనం మితిమీరింది, తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోతుంది. ఆ పాచిని చంపుదామని మైలుతుత్తం మాత్రం వేయకండి. అందులోని రాగి ఆల్చిప్పకు విషం.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు 500 చిప్పలు చాలు. ముత్యాలన్నీ మేమే కొంటామని, చిప్పలు కూడా మేమే ఇస్తామని ఆశపెట్టేవాళ్లను ఆ చిప్పలు ఏ నీళ్లవో అడగండి. పద్ధతి నేర్పడానికి భువనేశ్వర్‌లో కేంద్ర మంచినీటి చేపల పరిశోధన సంస్థ సీఫా ఉంది.

పక్కన పెట్టిన తల్లులకు చెరువులోనే ఒక మూల ఇవ్వండి. అక్కడ మురుగు తీసి ఇసుక పరిచి, చెరువులో చేపలుండేలా చూడాలి. ఏడాది తర్వాత ఆ ఇసుకను జల్లెడతో పట్టి చూడండి. గోరంత పిల్ల ఒక్కటి కనిపించినా ఆ మూలను ఇక కదపొద్దు.