తొమ్మిదో ప్రశ్న

పోయినేడాది ఇదే నెలలో పిల్లల పరీక్ష పేపర్లు ముందేసుకుని, ఒక్కటీ దిద్దలేక కూర్చునేదాన్ని. నిద్ర లేదు, అన్నం సయించదు. మా ఆయన బలవంతం మీద సైకియాట్రీ ఓపీకి వెళ్లాం.

అక్కడ డిప్రెషన్ ఎంత ఉందో చూసే పీహెచ్‌క్యూ-9 అనే కాగితం ఇచ్చారు. గడిచిన రెండు వారాల గురించి తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు, మొత్తం 27. ఎక్కువ వస్తే జబ్బు ఎక్కువని. చచ్చిపోతే బాగుండునని గానీ, హాని చేసుకోవాలని గానీ అనిపిస్తోందా అన్నది చివరిది. పెన్ను చాలాసేపు అక్కడే ఆగింది. 2 దగ్గర టిక్కు పెట్టాను. ఇంట్లో ఎవరికీ చెప్పని మాట అది. డాక్టరు ఆ పేజీ తిప్పేసి, "ఇంత చదువుకున్నారు, ధైర్యంగా ఉండాలి కదమ్మా" అని మందులు రాశారు.

చెప్పాల్సిన చోట చెప్పేశాను, ఇంకెవరికి చెప్పను? ఆ రాత్రంతా ఇదే ఆలోచన. పాప నా కొంగు వేలికి చుట్టుకుని నిద్రపోతోంది. లాగితే లేస్తుందని కదల్లేదు. తెల్లవారుజామున అత్తయ్య మంచినీళ్లకు లేచి, "ఏమ్మా, ఇంకా పడుకోలేదా?" అన్నారు. ఏడుపు ఆగలేదు. అంతా చెప్పేశాను. తెల్లారేదాకా ఆవిడ నా చెయ్యి వదల్లేదు.

మర్నాడు వేరే ఆసుపత్రి. అదే కాగితం. సిస్టర్ గారు ఎదురుగా కూర్చుని మార్కులు కూడారు. 21. తొమ్మిదో ప్రశ్న మీద వేలు పెట్టి, "ఇది ఎప్పట్నుంచమ్మా? ఇవాళ కూడా అనిపించిందా?" అని మెల్లగా అడిగారు. క్యూ ఆపి నన్ను ముందు లోపలికి తీసుకెళ్లారు. మందులు అత్తయ్య దగ్గరే ఉండాలని ఆవిడకు విడిగా చెప్పారు.

పేపరు చదవకుండా నేను మార్కులు వేస్తే పిల్లల తల్లిదండ్రులు ఊరుకుంటారా? మొదటి డాక్టరు మీద ఆ కోపం ఇంకా పోలేదు.

రెండు వారాలకోసారి ఆ కాగితం నింపేదాన్ని. 21, 19, 18. ఎలా ఉందని డాక్టరు గారు అడిగితే "పర్లేదండీ" అనేదాన్ని, మనకు అలవాటే కదా. ఆయన నా మాట విని ఊరుకోలేదు. నెలయినా మూడే తగ్గిందని చూసి డోసు పెంచారు. తర్వాత 13, 8. ఒకసారి నేను వెళ్లకపోతే సిస్టర్ గారే ఫోన్ చేశారు.

మీకూ ఆ కాగితం ఇస్తే నిజమే రాయండి. రాసింది చూశారా అని గట్టిగా అడగండి. రాత్రిపూట భయమేస్తే టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.

అత్తయ్య దుర్గమ్మకు మొక్కుకున్నారట. పోయిన వారం కొండకు వెళ్లొచ్చి, సిస్టర్ గారికి లడ్డూ ప్రసాదం పట్టుకెళ్లాను. కళ్లకద్దుకుని పక్కన పెట్టి, "ముందు కాగితం నింపమ్మా" అన్నారు. 4 వచ్చింది. తొమ్మిదో దగ్గర సున్నా.